చింతల్‌బోరి వీధిని వెడల్పు చేసినవాడు

బాబుపేట్, చంద్రపూర్
అక్టోబర్

తమ్ముడు మధుకర్‌కు,

నువ్వు దొంగవి. ఈ మాటను మెత్తగా చెప్పే పద్ధతి ఏదైనా ఉంటే ఉండవచ్చు, నీ కోసం దాన్ని వెతికే ఓపిక నాకు లేదు. దొంగ అంటే సామాను ఎత్తుకుపోయేవాడే కాదు. సొంత మేనమామ ఊరికి వచ్చి, వీధిని ఈ చివర నుంచి ఆ చివర దాకా డ్రోన్‌తో తీసుకుని, సారక్క అత్త చేతి రొట్టె తిని, చంద్రపూర్‌లోనే ఉన్న అక్క గడప తొక్కకుండా హైదరాబాద్ బండెక్కినవాడు కూడా దొంగే.

నాకు ఎలా తెలిసిందంటావా? లచ్చయ్య మామ కొడుకు సంజయ్ ఫోన్ చేశాడు. “వదినె, మనూర్ల పిక్చర్ తీస్తుండ్రు. మధుకర్ బావనే డైరెక్టర్. బొగ్గు ట్రక్కుల మీద పిక్చరట, హీరోకు గుర్రం గూడ ఉన్నదట” అన్నాడు. ట్రక్కుల సినిమాలో గుర్రమెందుకురా అన్నాను. “గది నాకేం ఎర్క? పాత ఇంగ్లీషు పిక్చర్‌ను మల్ల తీస్తుండ్రట. గుర్రం లేకుంటే వాళ్లు ఒప్పుకోరేమో” అన్నాడు.

నవ్వుకునేదాన్నే. తర్వాతి మాట విన్నాక నవ్వు రాలేదు. వీధి ఇరుకుగా ఉంది, రెండు వైపులా అరుగులు తీసేస్తే షూటింగ్ అవుతుంది అని మామను అడిగావట.

నీకు తెలియదా మధుకర్? ఊరికి అవతల గని ఉంది. గని నుంచి రాజురా సడక్‌కు దగ్గర దారి మన వీధి. బొగ్గు ట్రక్కులన్నీ వాగు చుట్టూ తిరిగి పోతున్నాయంటే మన మీద ప్రేమతో కాదు. ఆ వీధిలో ట్రక్కు పట్టదు. నేను రాసిన అర్జీలు ఆపలేదు, మేం చేసిన ధర్నాలు ఆపలేదు, మట్టి అరుగులు ఆపాయి. ఆ అరుగులను నువ్వు తీసెయ్యమంటున్నావు.

నీకు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎత్తి “సార్ డిస్కషన్‌లో ఉన్నారు” అంటోంది. అందుకే ఉత్తరం. తెలుగు చదవడం మనిద్దరికీ మాజ్రి గని క్వార్టర్‌లో మన నాన్నే నేర్పాడు కాబట్టి చదవలేకపోయానని కూడా అనలేవు.

ఆ ఊరి జోలికి పోవద్దు.

కోమల

*

హైదరాబాద్
అక్టోబర్ చివర

అక్కా,

రొట్టె తిన్న మాట నిజం. ఒకటి కాదు, రెండు. నీ దగ్గరికి రాకపోవడం తప్పే, ఒప్పుకుంటున్నాను. వస్తే ఏమవుతుందో తెలుసు గనకే రాలేదు. నువ్వు చాయ్ పెట్టేలోపు నాకు మూడు దేశాల చరిత్ర చెప్పేదానివి.

మాజ్రిలో గని క్లబ్ మైదానం గుర్తుందా? తెల్లగుడ్డ కట్టి కౌబాయ్ సినిమా వేశారు. ఒక్క మాటా అర్థం కాకపోతే పోశన్న కాకా లేచి నిలబడి కథ చెప్పాడు. గుర్రం మీద వచ్చినవాడు యూనియన్ మనిషట, టోపీ పెట్టుకున్న పశువుల షావుకారు గని కాంట్రాక్టు ఠేకేదారట. “సూడుండ్రి, హాజరీ రాయకుండనే పని చేపిస్తుండు” అంటే మైదానమంతా ఈలలు. చాలా ఏళ్లకు అసలు సినిమా చూశాను. అందులో యూనియనూ లేదు, హాజరీ లేదు. కానీ నాకు ఇష్టమైంది పోశన్న కాకా చెప్పిన సినిమా.

మా నిర్మాత ఆ పాత సినిమా హక్కులు కొన్నాడు. నేను తీస్తున్నది పోశన్న కాకాదే. పశువుల మందలకు బదులు బొగ్గు ట్రక్కులు. షావుకారుకు బదులు ఠేకేదారు. ఒక చిన్న ఊరు, దాన్ని తొక్కేయాలని చూసేవాళ్లు, అడ్డం నిలబడే ఒక మనిషి. ఇది నీ పోరాటమే కదా అక్కా. నీ వ్యాసాలు ఎంతమంది చదువుతారు? నా సినిమా లక్షల మంది చూస్తారు.

ఇక వీధి మాట. కౌబాయ్ సినిమాకు వీధే ప్రాణం. ఇద్దరు దూరంగా ఎదురెదురుగా నిలబడాలి, మధ్యలో దుమ్ము లేవాలి. చింతల్‌బోరి వీధిలో ఇద్దరు ఎదురెదురుగా వస్తే కొట్టుకోరు, భుజాలు తగిలి పలకరించుకుంటారు. నేనేం చేయను చెప్పు. షూటింగ్ అయిపోయాక మా ఆర్ట్ డైరెక్టర్ అదే మట్టితో, అదే ఎత్తులో అరుగులన్నీ తిరిగి కట్టిస్తాడు. ఇది నా మాట.

అత్త, మామ ఒప్పుకున్నారు. నువ్వొక్కదానివే మిగిలావు.

మధుకర్

*

బాబుపేట్
నవంబర్

మధుకర్‌కు,

చరిత్ర చెబుతానని భయపడ్డావుగా, చెబుతాను. విను.

ఆ తెల్లగుడ్డ నాకూ గుర్తుంది. నీకు గుర్రం గుర్తుంది, నాకు కిటికీలు గుర్తున్నాయి. ఊరి జనమంతా కిటికీల వెనక నక్కి చూస్తుంటారు. పక్కవాడిని చంపుతుంటే తలుపు గడియ పెడతారు. ఎక్కడివాడో తెలియని ఒక మగాడు వచ్చి తుపాకీ తీస్తేనే వాళ్లు బతుకుతారు. ఆ మహానుభావుడు పోతుంటే చేతులూపుతారు. ఆ జనానికి పేర్లు కూడా ఉండవు. ఇంకోటి. ఆ దుమ్ము వీధి ఖాళీ నేల మీద మొలిచినట్టు చూపిస్తారు. ఆ నేల అంతకుముందు ఎవరిదో, వాళ్లు ఏమయ్యారో అడిగితే కథ నడవదు. ఆ రకం సినిమాకు ముందు కావలసింది గుర్రం కాదురా, ఖాళీ. ఎక్కడ ఖాళీ లేకపోతే అక్కడ చేస్తారు. నువ్వు ఇప్పుడు చేయబోతున్నది అదే.

మన వీధి ఎందుకు ఇరుకైందో నీకు తెలియదు, ఎందుకంటే పండగలకు వచ్చి పోయినవాడివి. ఆ ఊళ్లో కోడలు వస్తే అత్త ఆమె కోసం ఇంటి ముందు ఉన్న అరుగును ఒక మూర ముందుకు జరుపుతుంది. తవ్వి తెచ్చిన మట్టిని అత్తే తొక్కుతుంది, కోడలు అలుకుతుంది. ఆ మూర జాగా కోడలిది. అక్కడ ఆమె కూర్చుంటే మామ అయినా లెమ్మనడానికి లేదు. ఇంట్లో ఎంత పోట్లాటైనా వచ్చి అక్కడ కూర్చుంటుంది, వీధి మొత్తం చూస్తుంటుంది, ఎవడూ చెయ్యెత్తడు. పెళ్లి జరిగినప్పుడల్లా వీధి మూరెడు ఇరుకైంది. ఆడవాళ్లు తమ కోసం తెచ్చుకున్న చోటుతో ఇరుకైన వీధి అది.

ఠేకేదారు ఓంప్రకాష్ సంగతి కూడా విను. ఆ ట్రక్కులన్నీ అతనివే. ఒకసారి వీధి కొలవమని టేపు ఇచ్చి మనుషులను పంపాడు. లచ్చయ్య మామ వచ్చి ఆ టేపు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. లేవమంటే లేవలేదు. “కూసున్నోన్ని కూసున్నట్టే కొలుసుకోండ్రి” అన్నాడు. తర్వాత ఓంప్రకాషే మిఠాయి డబ్బాలతో వచ్చి సిమెంటు రోడ్డు వేయిస్తానన్నాడు. సారక్క అత్త అడిగింది: “సిమెంట్ ఏస్తే నా కోడలు ఏడ కూసుంటది?” అతను డబ్బాలు పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇలాంటి జనం కథ ఉండగా నీకు గుర్రమెక్కిన మగాడు ఎందుకు? సెట్ వేసుకో. ప్లైవుడ్‌తో అమెరికానే కడతారట కదా మీవాళ్లు, ఒక వీధి కట్టుకోలేరా?

కోమల

*

రాజురా
జనవరి

అక్కా,

నీ ఉత్తరం అందింది. జవాబు రాసే తీరిక దొరకలేదు. ఇప్పుడు రాజురా లాడ్జిలో ఉన్నాను, గొంతు నిండా దుమ్ము.

పని మొదలైంది. కోపగించుకునే ముందు పూర్తిగా చదువు. నేను ఎవరినీ బలవంతం చేయలేదు. ఊరంతా మారుతి గుడి ముందు కూర్చున్నారు, నేను కథ చెప్పాను. చెబుతుంటే ముసలివాళ్లు ముందుకు జరిగారు. ఒకాయన “ట్రక్కోడు లాస్ట్‌కు సస్తడా, సావడా, గది చెప్పు ముందుగాల” అన్నాడు. ఓడిపోతాడని చెప్పాను. “ఓడిపోతే చాలదు” అన్నారు. ఆగమ్మ అవ్వ ఒక్కతే “అరుగులు మల్ల ఎవలు కడ్తరు?” అని అడిగింది. నేను కడతానని చెప్పాను. సారక్క అత్త లేచి గడ్డపార అందుకుంది. “మా అల్లుని పని నేనే షురూ జేస్త” అని తన అరుగు మీద తనే మొదటి దెబ్బ వేసింది. నాకు కన్నీళ్లొచ్చాయి.

నీ మాట కూడా వచ్చింది, దాచడమెందుకు. కోమలక్క వద్దంటోంది అని ఎవరో అంటే సంజయ్ ఏమన్నాడో తెలుసా? “వదినె ధర్నకు పేపరోడు గూడ రాలే. పిక్చర్‌కైతే టీవీ అచ్చింది.” అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మామకు కూడా వేషం ఇచ్చాను. హీరో ఊళ్లోకి వచ్చినప్పుడు కిటికీ తలుపు ఓరగా తీసి భయంగా చూసే ముసలాయన. ఒక్క టేక్‌లో చేశాడు.

నిన్న పెద్ద సీన్. ట్రక్కులు వరసగా వీధిలోకి వచ్చాయి, ఎదురుగా మా హీరో ఒక్కడే. ముందు ట్రక్కు వీధిలోకి తిరగ్గానే జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టమనలేదు. ఆ చప్పట్ల వల్ల సౌండ్ పాడై మళ్లీ తీయవలసి వచ్చింది, రెండోసారీ కొట్టారు.

ట్రక్కులు, జనరేటర్ ఇక్కడి పెద్దమనిషి ఒకరు ఊరికే ఇచ్చారు. పేరు ఎందుకులే, నీకు బీపీ ఉంది.

మధుకర్

*

బాబుపేట్
ఫిబ్రవరి

మధుకర్,

చప్పట్లు కొట్టారని రాశావు. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నీ చెయ్యి ఆగలేదా? ఎన్నో ఏళ్లు అడ్డుకున్న ట్రక్కు మొదటిసారి వీధిలోకి వస్తుంటే ఆ ఊరి చేతనే చప్పట్లు కొట్టించావు. ఓంప్రకాష్ మిఠాయి డబ్బాలతో చేయలేని పని అది.

నువ్వు పేరు చెప్పకపోయినా నాకు బీపీ వచ్చింది. ట్రక్కు తలుపుల మీద అతని పేరే ఉంటుంది తమ్మీ. దాని మీద మీ వాళ్లు కాగితం కూడా సరిగ్గా అతికించలేదు. సగం ఊడి ఉన్న ఫోటో సంజయే పంపాడు, గొప్పగా.

పోయిన ఆదివారం ఊరికి వెళ్లాను. మీ యూనిట్ లేదు. ప్లైవుడ్ ముఖాలు మాత్రం ఇళ్లకు మేకులతో అలాగే ఉన్నాయి. మామ ఇంటి ముందు ఇంగ్లీషులో సారాయి దుకాణం బోర్డు వేలాడుతోంది. దాని కింద అత్త పత్తి ఏరుకుంటోంది, గడప లోపల కూర్చుని. ఎందుకంటే గడప బయట ఇప్పుడు ఏమీ లేదు. నేరుగా రోడ్డు. నేను ఉన్న కాసేపట్లోనే బొగ్గు ట్రక్కులు వరసగా పోయాయి. షూటింగ్ అయిపోయిన మర్నాడు ఒకటి వచ్చిందట, సినిమాదే అనుకుని ఎవరూ ఆపలేదట. తర్వాత వచ్చినవాటిని కూడా కొన్నాళ్లు అలాగే అనుకున్నారట. మిగిలిపోయిన షాట్లు, ప్యాచ్‌వర్క్ తీస్తున్నారని సంజయ్ అందరికీ చెప్పాడట. ఇప్పుడు ఆ మాట గుర్తుచేస్తే నా ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

నేను అత్త మీద కేకలేశాను. అంతమందిని తిప్పి పంపినదానివి, నీ చేతులతో నువ్వే ఎలా తవ్వావు అన్నాను. ఆమె పత్తి ఏరడం ఆపలేదు.

“ఠేకేదార్ అడిగితే ఇస్తిమా బిడ్డా? పోలీసోడు అడిగితే ఇస్తిమా? అల్లుడు అడిగిండు. ఇంటి పిలగాడు అడిగినంక కాదంటే ఎట్ల?”

మళ్లీ అంది: “మావోడు పిక్చర్ తీస్తుండని సుట్టాలందరికి చెప్పుకున్న. ఇగ ఏ మొకం పెట్టుకుని తిట్టాలె వాన్ని?”

ఇదీ సంగతి. ఆ ఊరు బయటివాడికి తలుపు తీయదు. అందుకని ట్రక్కులవాళ్లు బయటివాడిని పంపలేదు, నిన్ను పంపారు.

ఒక్కటే అడుగుతున్నాను. అరుగులు ఎప్పుడు కడుతున్నావు? తారీకు రాయి. ఇంకేమీ రాయకు.

కోమల

*

హైదరాబాద్
మార్చి

అక్కా,

నన్ను ఎవరూ పంపలేదు. నేను ఎవడి మనిషినీ కాదు. సినిమా తీయడం అంటే ఏమిటో నీకు తెలియదు. జనరేటర్ దొరక్కపోతే షూటింగ్ మొదలే కాదు, నిర్మాత ఫోన్ ఎత్తడు, హీరో కారవాన్ దిగడు. ఆ సమయంలో ఒకడు వచ్చి నేను ఇస్తానంటే అతని చరిత్ర అడుగుతామా? నువ్వు అడుగుతావు. అందుకే నువ్వు ఇన్నేళ్లలో ఒక్క పనీ పూర్తి చేయలేదు. ధర్నాలు, కరపత్రాలు, వ్యాసాలు. వాటిని చదివేది నువ్వూ, ప్రూఫులు దిద్దేవాడూ. చింతల్‌బోరి అనే పేరు దేశంలో ఎవరికైనా తెలియబోతోందంటే అది నా వల్ల. తిట్టు, పడతాను. కానీ ఈ మాట కాదనలేవు.

అరుగుల గురించి. మా ఆర్ట్ డైరెక్టర్ మట్టి కూడా తోలించాడు. ఓంప్రకాష్ గారే వద్దన్నారు. “మీరు కష్టపడకండి, మీకు షెడ్యూల్ ఉంది, వీధి సంగతి మేం చూసుకుంటాం, ఎలా ఉన్నది అలా వదిలి వెళ్లండి” అన్నారు. ఆయన అడిగింది అదొక్కటే. పని మొదలు కాకముందు ట్రక్కులు ఇచ్చేటప్పుడూ అన్నారు, ప్యాకప్ రోజు మళ్లీ గుర్తు చేశారు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. బాగు చేయిస్తారనే అనుకున్నాను.

డబ్బింగ్ నడుస్తోంది. మామ సీన్ చాలా బాగా వచ్చింది.

మధుకర్

*

బాబుపేట్
ఏప్రిల్

మధుకర్,

నీ ఉత్తరంలో ఒక పేరాను ఎర్ర సిరాతో గీత గీసి పెట్టుకున్నాను. ట్రక్కులు ఇచ్చేటప్పుడూ అన్నారు. అంటే గడ్డపార లేవకముందే ఆ షరతు నీకు తెలుసు. మారుతి గుడి ముందు ఆగమ్మ అవ్వ అడిగితే నేను కడతానని చెప్పేటప్పటికే తెలుసు. తప్పేమీ కనిపించలేదంటావు. కనిపించకపోవడం కూడా ఒక ఉద్యోగమే మధుకర్, దానికి ఎప్పుడూ మంచి జీతం ఇస్తారు.

నేను ఏ పనీ పూర్తి చేయలేదన్నావు. నిజమే. ఓడిన ధర్నాలే ఎక్కువ. నేను ఓడినప్పుడు ట్రక్కులు ఆగకపోవచ్చు, కానీ నా వల్ల ఎప్పుడూ కొత్తగా ఒక ట్రక్కు ఏ ఊళ్లోకీ రాలేదు.

ఇప్పుడు అసలు విషయం. లచ్చయ్య మామ తుంటి విరిగింది. పొద్దున్నే చెంబు పట్టుకుని గడప దాటాడు. అలవాటు ప్రకారం అరుగు ఉందనుకుని కాలు వేశాడు. అరుగు లేదు, పక్కకు తూలాడు, పోతున్న ట్రక్కు అద్దం భుజానికి తగిలింది. డ్రైవర్ ఆపి, మామను ఎత్తి, తన ట్రక్కులోనే దవాఖానకు తెచ్చాడు. వరండాలో కూర్చుని ఏడ్చాడు. అతని మీద నాకు కోపం లేదు. అతన్ని ఆ దారిన తోలమన్నవాడి మీద, ఆ దారి చేసి ఇచ్చినవాడి మీద ఉంది.

మామ మంచం మీద పడుకుని నీ సినిమా గురించే అడుగుతున్నాడు. “నన్ను కిటికెల పెట్టిండు గదా, సక్కగ కనవడుతున్ననా?” అన్నాడు. టేపు మీద కూర్చున్న మనిషి రా అతను. ఆ కథ నీకు రాసి పంపాను. అయినా అతనికి భయపడే వేషం ఇచ్చావు, ధైర్యమంతా తీసి జీతానికి వచ్చిన హీరోకు తొడిగావు. వీధిని దోచుకున్నది ఒక దొంగతనం. ఇది రెండోది. ఇది పెద్దది.

మామ దవాఖానలో ఉండగానే అత్త మట్టి తవ్వించింది. ఈసారి ఎవరి కోడలి కోసమూ కాదు, అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. సంజయ్ బండి తోలాడు, ఒక్క మాట మాట్లాడలేదు. పట్టపగలు, ట్రక్కుల మధ్యలో, ఆడవాళ్లు వరసగా నిలబడి మట్టి తొక్కారు. ట్రక్కులు హారన్లు కొట్టాయి. “నీ అమ్మను గూడ పిలువు, అలుకుతది” అంది ఆగమ్మ అవ్వ ఒక క్లీనర్‌తో. ట్రక్కులు వెనక్కి పోయి వాగు దారి పట్టాయి.

వారం తిరగకముందే తహసీల్ ఆఫీసు నుంచి ఇంటింటికీ నోటీసు వచ్చింది. అరుగులన్నీ ఆక్రమణ. పాత నక్షా పటంలో వీధి వెడల్పుగానే ఉందట. ఇన్నేళ్లూ ఆ నక్షా ఉంది, కానీ అరుగులు కూల్చాలంటే పోలీసులు, జేసీబీ, ఆడవాళ్ల తిట్లు. ఎవరూ ధైర్యం చేయలేదు. నువ్వు వాళ్లకు ఆ శ్రమ తప్పించావు. ఇప్పుడు ఇవి ఈ ఏడాదే కొత్తగా కట్టినవి, తీసేయండి అంటున్నారు.

వకీలు విద్య మన తరఫున నిలబడింది. అరుగులు తరతరాలుగా ఉన్నవని చూపిస్తే గ్రామసభను అడగకుండా ముట్టుకోవద్దని వాదించవచ్చు అంటోంది. చూపించడానికి ఏముంది? పెళ్లి ఫోటోలు తెచ్చారు. వాటి నిండా పెళ్లికొడుకులే ఉన్నారు. అరుగు కనిపిస్తే ఒక మూల కనిపిస్తుంది. వీధి మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తీసినవాడు ఒక్కడే ఉన్నాడు. కూల్చక ముందు, డ్రోన్‌తో, తారీకుతో సహా.

ఆ వీడియో పంపు.

కోమల

*

ముంబయి
మే

అక్కా,

మామ గురించి తెలిసి చాలా బాధపడ్డాను. ఖర్చు నేను చూసుకుంటానని సంజయ్‌కు చెప్పాను, అతను ఫోన్ పెట్టేశాడు.

వీడియో విషయం. అది నాది కాదు, నిర్మాణ సంస్థది. బయటికి ఇవ్వాలంటే వాళ్లు ఒప్పుకోవాలి. జూన్‌లో సినిమా విడుదల. ఈ సమయంలో ఊరివాళ్ల గొడవ, తహసీల్, వకీలు అంటే నిర్మాత భయపడతాడు. ఓంప్రకాష్ గారికి టైటిల్స్‌లో కృతజ్ఞతలు వేస్తామని ముందే మాట ఇచ్చాం. నా పరిస్థితి అర్థం చేసుకో. సినిమా ఆడితే నా మాటకు బలం వస్తుంది. అప్పుడు నేనే వచ్చి మాట్లాడతాను. అంతవరకు వాయిదా అడగమను మీ వకీలును.

ఒక పని చేయగలను. చంద్రపూర్‌లో విడుదలకు ముందు రోజు ప్రత్యేక ప్రదర్శన పెట్టిస్తాను, ఊరందరికీ బస్సులు పంపిస్తాను. మామను చక్రాల కుర్చీలో ముందు వరసలో కూర్చోబెడతాం. క్లైమాక్స్ చూస్తే వాళ్లు నన్ను క్షమిస్తారు. నువ్వు కూడా.

నీ తమ్ముడు,
మధుకర్

*

చింతల్‌బోరి
మే

మధుకర్,

నీ ఉత్తరాన్ని ఇక్కడికి తెచ్చి అత్త ఇంటి ముందు అందరికీ చదివి వినిపించాను. తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు కదా, అందుకే నువ్వు ధైర్యంగా రాస్తున్నావేమో. నీ ఉత్తరాలన్నీ మొదటి నుంచి చదివాను. కన్నీళ్లొచ్చాయన్న చోట ఎవరూ నవ్వలేదు. “ఆయన అడిగింది అదొక్కటే” అన్న చోట మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను.

సారక్క అత్త నా చేతిలోని ఉత్తరాలు తీసుకుని మడిచి పెట్టింది. తర్వాత అంది: “పిక్చర్ సూసుడు తర్వాత. వాన్ని ఈడికి రమ్మని రాయి. అల్లుడని పిలుస్తలేను, గవాయి అని పిలుస్తున్న.”

గవాయి అంటే సాక్షి. ఆ ఇంట్లో నీకు ఇప్పుడు ఉన్న బంధుత్వం అదొక్కటే.

వాయిదా అడగమన్నావు. జేసీబీకి వాయిదా లేదు. నీ సినిమా ఆడినా ఆడకపోయినా జూన్ మొదటి సోమవారం తహసీల్ ఆఫీసులో విచారణ. ఆ రోజు చూపించడానికి ఏమీ లేకపోతే ఆ వారంలోనే అరుగులు మళ్లీ పోతాయి, ఈసారి శాశ్వతంగా. ఆడవాళ్లకు గడప బయట చోటు ఉండదు. ట్రక్కు చక్రం గడపకు ఆనుకుని పోతుంది. మామ తర్వాత ఇంకొకరు పడతారు. క్షమించడం గురించి మాట్లాడవలసిన రోజు అది కాదు.

ఊరివాళ్లు చెప్పినవి, నేను రాసినవి ఇవి. బతిమాలడం లేదు.

ఒకటి. షూటింగ్‌కు ముందు తీసిన డ్రోన్ వీడియో, తారీకుతో సహా, విచారణకు ముందే విద్య చేతికి అందాలి. నిర్మాత అనుమతి సంపాదించడం నీ పని.

రెండు. విచారణకు నువ్వు రావాలి. అరుగులు ఉండేవని, సినిమా కోసం తీయించింది నువ్వని, తిరిగి కడతానని మాట ఇచ్చింది నువ్వని అధికారి ముందు నీ నోటితో చెప్పాలి.

మూడు. వీధిని అలాగే వదలమని ఓంప్రకాష్ ఎప్పుడు అడిగాడో, ఎన్నిసార్లు అడిగాడో అక్కడే చెప్పాలి.

నాలుగు. టైటిల్స్‌లో అతనికి కృతజ్ఞతలు తీసేయాలి.

ఐదు. లచ్చయ్య మామ కిటికీ వెనక నక్కే సీను తీసేయాలి. ఉంచమని అతనే అడిగినా సరే.

ఆరు. ఇవి జరిగే దాకా చంద్రపూర్ జిల్లాలో సినిమా వేయకూడదు. బస్సులు పంపకూడదు.

ఏడు. విచారణ ఓడిపోతే, జేసీబీ వచ్చిన రోజు నువ్వు వీధిలో సారక్క అత్త పక్కన కూర్చోవాలి. కెమెరా తేవద్దు.

కోమల